పెద్ద డ్రమ్ములో పుంజు

బస్సు అద్దంలో నాకు ముందు కనపడింది బ్యాండు పెద్ద డ్రమ్మే. మామూలుగా అది వెనక సీట్ల వెనకాల, బూట్ల సంచుల మధ్య దొర్లుతూ ఉంటుంది. ఆ రోజు మా అమ్మాయి పద్మజ దాన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, చున్నీతో సీటుకి కట్టి, తను పక్కన కూర్చుంది. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా దాని మీద అరచెయ్యి ఆనిస్తోంది.

బ్యాండు పిల్లలంతా ఆ సీటు చుట్టూనే మూగారు. పాటల్లేవు. బ్యాండుకి ముందు కర్ర తిప్పుతూ నడిచే అమ్మాయి యాస్మిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను అద్దంలోంచి చూస్తే నవ్వు ఆపేసి పత్తి చేల వైపు తిరుగుతోంది.

పిల్లలు ఏదో చేయబోతున్నారని తెలుసు. ఏంటో అడగలేదు. నేను కాలేజీ బస్సు డ్రైవర్ని. అడగకపోవడం అలవాటైపోయింది.

మాది గురజాల వైపు కాలేజీ. ఆ రోజు మాచర్లలో ఫుట్‌బాల్ మ్యాచ్. కాలేజీల పేర్లు రాయను, రెండూ ఇంకా నడుస్తున్నాయి. నిజానికి బంతాట చూడటానికి వచ్చేవాళ్ళు తక్కువ. ఆట సగమయ్యాక రెండు కాలేజీల బ్యాండులూ గ్రౌండులోకి దిగుతాయి. ఒక బ్యాండు ఇంకో బ్యాండుని ఎట్లా అభాసుపాలు చేస్తుందో చూడటానికి జనం వస్తారు. రెండేళ్ళ కిందట మావాళ్ళు వాళ్ళ డ్రమ్ముల్లో తడి ఇసుక పోశారు. వాళ్ళు ఎంత కొట్టినా బస్తా మీద కొట్టినట్టే ఉంది. పోయినేడు వాళ్ళు మా బాకాల మూతులకి పచ్చిమిరప గింజలు రుద్దారు. మావాళ్ళు సగం పాటలో పెదాలు వాచి, కళ్ళనీళ్ళు కారుకుంటూ నీళ్ళ ట్యాంకు దగ్గరికి పరుగెత్తారు. గ్యాలరీలోంచి ఎవరో పంచదార పొట్లం విసిరారు.

ఈసారి వంతు మాది.

గురజాలకీ మాచర్లకీ మధ్య ఆట అంటే వట్టి ఆట కాదు. వందల ఏళ్ళ కిందట ఈ రెండూళ్ళ మధ్య కోడిపోరు జరిగింది. మాచర్ల కోడి ఓడింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు అడవికి పోవాల్సి వచ్చింది. ఆ పగ యుద్ధం దాకా పోయింది. మా పక్క ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఇప్పటికీ మాచర్లవాడు ఎవడన్నా గురజాల బస్టాండులో టీ తాగుతుంటే వెనకనుంచి ఒకడు కోడికూత కూస్తాడు. నవ్వుకుంటారు. ఒక్కోసారి నవ్వుకోరు.

రెంటచింతల దాటాక పద్మజ నా వెనక సీటు దగ్గరికి వచ్చి, "ఏసీ లేదుగాని, అద్దాలన్నీ తెరిపించు నాన్నా. వేడిగా ఉంది" అంది.

"చలికాలంలో వేడేందే?"

"మాకు కాదులే" అని నాలిక కరుచుకుని వెనక్కి పోయింది.

అప్పుడన్నా నాకు అర్థం కావాల్సింది.

*

మాచర్ల గ్రౌండు చుట్టూ నాపరాళ్ళు పాతిన గోడ. గోడ పక్కన విరిగిన నాపరాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి. నేను బస్సుని గేటుకి ఎదురుగా, ముందు భాగం రోడ్డు వైపుకి తిప్పి పెట్టాను. ఇక్కడికి ఎప్పుడు వచ్చినా అట్లాగే పెడతాను.

ఆట మొదలైంది. నేను చక్రం దగ్గర నీడన కూర్చున్నాను. ఫోన్ మోగింది. మా ఆవిడ గురవమ్మ.

"ఏమయ్యా, పుంజు లేదు."

"లేకపోటమేంది?"

"గంప కింద లేదు. కాలికట్టు తాడు ఊడదీసి ఉంది. తెగలా, ఊడదీశారు. వీధంతా తిరిగొచ్చా."



ఆ పుంజు మాది కాదు. మా ఊరి వెంకట్రామయ్యది. ఆయనకి పొలం ఉంది, పార్టీ ఉంది, వెనక నడిచే మనుషులున్నారు. పందెం పుంజుల్ని ఆయన తన ఇంట్లో పెంచడు. మా వైపు అట్లాంటి పెద్ద రైతులు ఒక్కో పుంజుని ఒక్కో ఇంటికి పెంపకానికి ఇస్తారు. మేతా, మందూ వాళ్ళవి. చాకిరీ మనది. ఈ పుంజు ఎర్ర డేగ, ఈకలన్నీ ఎర్రగా ఉండే రకం. దీన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. గురవమ్మ జొన్నలు, ఉడికిన గుడ్డు పెట్టింది. నేను పొద్దున్నే కాలవకి తీసుకుపోయి ఈత కొట్టించాను. పద్మజ సాయంత్రం ఇంటికి వచ్చాక నీళ్ళ డ్రమ్ము బోర్లించి రెండు కర్రలతో దరువు సాధన చేసేది. అయ్యాక పుంజుకి తన చేత్తో మేత పెట్టేది. కొన్నాళ్ళకి అది దరువు వినపడగానే పరుగెత్తుకొచ్చి తన కాళ్ళ దగ్గర నిలబడటం మొదలుపెట్టింది.

"ఇంకో సంగతి" అంది గురవమ్మ. గొంతు తగ్గించింది. "వెంకట్రామయ్య పాలేరు వచ్చాడు. సాయంత్రం ఆయన ఎవరినో తీసుకొస్తాడంట, పుంజుని చూపిచ్చటానికి. ఏదని అడిగాడు. నా చెల్లెలి కొడుకు ఈతకి కాలవకి తీసుకపోయాడని చెప్పా."

"అబద్ధమెందుకు చెప్పావే?"

"మరేం చెప్పేది? పోయిందని చెబితే ఇప్పుడే లేస్తారు."

ఆమె అన్నది నిజమే. మా ఊళ్ళో రెండు పార్టీలు. మా ఇల్లు రెంటికీ మధ్య సందులో ఉంది. పోయినేడు వెంకట్రామయ్య బోరు దగ్గర స్టార్టర్ పెట్టె పోయింది. ఎదటి పార్టీవాళ్ళే తీశారన్నారు. కర్రలు లేచాయి. అడ్డం పోయిన మా బామ్మరిది నుదురు చీలింది, ఒక కన్ను ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది. తర్వాత చూస్తే స్టార్టర్ రిపేరు షాపులో ఉంది. కాలిపోతే పాలేరే తీసుకెళ్ళి ఇచ్చాడు. ముందు కొట్టుకున్నారు, తర్వాత వెతికారు.

స్టార్టర్ పెట్టెకే అంత అయింది. ఇది పుంజు.

"ఎవరికీ చెప్పమాక. నేను చేల వైపు పోయి చూసొస్తా" అని గురవమ్మ పెట్టేసింది.

నేను బస్సు ఎక్కాను. ఎందుకు ఎక్కానో తెలియదు.  పద్మజ కూర్చున్న సీటు దగ్గరికి వెళ్ళాను. కింద నాలుగు జొన్న గింజలు. సీటు మీద తడి గుడ్డ. గుడ్డ అంచున పచ్చగా, తెల్లగా రెట్ట.

వేడి ఎవరికో అప్పుడు తెలిసింది.

*

బ్యాండు పిల్లలు తాడు కట్టిన గీతకి అవతల వరసగా కూర్చుని ఉన్నారు. ఎర్ర కోట్లు, తెల్ల టోపీలు. పద్మజ చివర ఉంది. డ్రమ్ముని ఒళ్ళో పెట్టుకుని, పక్కన చెవి ఆనించి ఏదో వింటోంది. నేను తాడు దగ్గర వంగాను.

"ఏమే. అందులో ఏముంది?"

"గాలి నాన్నా. డ్రమ్ములో ఏముంటది?"

"గాలి రెట్టేస్తదా?"

పద్మజ నా మొహం చూసింది. తర్వాత అటూ ఇటూ చూసి డ్రమ్ము రెండో పక్క తిప్పి చూపించింది. కొట్టే వైపు తోలు ఉంది. రెండో వైపు తోలు తీసేసి, దాని బదులు తెల్ల గుడ్డ బిగించారు. దూరానికి తెలియదు. దగ్గరికి పోతే గుడ్డ ఊపిరి తీసుకున్నట్టు కొంచెం కదులుతోంది.

"ఐదు నిమిషాలే నాన్నా. వాళ్ళ గ్యాలరీ ముందు నిలబడి గుడ్డ విప్పుతాం. దాని మెళ్ళో అట్ట కట్టాం, 'మా కోడి వచ్చింది, మీ కోడి ఏదీ' అని. చూపిచ్చి మళ్ళీ లోపల పెట్టేస్తా. చీకట్లో ఉంటే అది కూయదు, నీకు తెలుసుగా. నా దగ్గరైతే గింజుకోదు."

"ఎవర్నడిగి తెచ్చావు?"

"ఎవర్నడగాలి? మన కోడేగా."

"మనది కాదే" అన్నాను.

ఆ మాట తనకి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తట్టింది. చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. పిల్లగా ఉన్నప్పటినుంచి తన చేతి గింజలు తిన్న పుంజుని తను ఇంకెవరిదో అని ఎందుకు అనుకుంటుంది?

గురవమ్మ ఫోన్ సంగతి చెప్పాను. వెంకట్రామయ్య సాయంత్రం వస్తున్నాడని చెప్పాను. మామయ్య నుదురు గుర్తుందా అని అడిగాను. పద్మజ టోపీ తీసి పక్కన పెట్టింది. 

"ఇటియ్యి. బస్సులో పెడతా" అన్నాను.

ఇవ్వబోయింది. ఈలోగా ఈల మోగింది. ఆట సగమైంది. ఆటలు నేర్పే మా పీడీ సారు పరుగెత్తుకొచ్చి, "కొండలూ, నువ్విక్కడేందయ్యా, గీత దాటమాక. లేవండి లేవండి, లైను" అన్నాడు. యాస్మిన్ కర్ర పైకెత్తింది. పిల్లలంతా లేచారు. పద్మజ డ్రమ్ము పట్టా మెడకి వేసుకుంది.

"విప్పను నాన్నా. ఊరికే మోసుకుపోయి తెచ్చేస్తా. అమ్మకి ఫోన్ చెయ్యి, ఉందని చెప్పు."

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. గురవమ్మ చేలకి పోతే ఫోన్ ఇంట్లో పెట్టి పోతుంది.

*

మా బ్యాండు గ్రౌండులోకి నడిచింది. బాకాలు, చిన్న డ్రమ్ములు. పెద్ద డ్రమ్ము చప్పుడు లేదు. పద్మజ కర్ర ఊపుతోంది గాని తోలుకి తగలనివ్వడం లేదు. జనానికి తెలియలేదు. నేను మాత్రం ఆ లేని చప్పుడే వింటున్నాను.

అటువైపు నుంచి మాచర్ల బ్యాండు వచ్చింది. నీలం కోట్లు. వాళ్ళ పెద్ద డ్రమ్ము ఇమ్మానుయేల్ అనే పొడుగాటి కుర్రాడి దగ్గర ఉంది. పోయినేడు పంచదార పొట్లం అందుకుని మావాళ్ళకి తెచ్చిచ్చింది ఆ కుర్రాడే. మంచివాడు. ఆ రోజు మాత్రం చానా జాగ్రత్తగా నడుస్తున్నాడు, నిండు బిందె మోస్తున్నట్టు. వాడి కర్ర కూడా తోలుకి తగలడం లేదు.



రెండు బ్యాండులూ మధ్య గీత దగ్గర ఎదురెదురుగా ఆగాయి. యాస్మిన్ పద్మజ వైపు చూసి తల ఊపింది. పద్మజ అడ్డంగా తల ఊపింది. యాస్మిన్ మళ్ళీ ఊపింది. పద్మజ కదల్లేదు. మావాళ్ళలో గుసగుస. ఈలోగా ఇమ్మానుయేల్ మోకాలి మీద కూర్చుని తన డ్రమ్ము పక్క విప్పాడు.

లోపలినుంచి పుంజు బయటికి వచ్చింది.

రెండు కాలేజీలకీ ఒకటే ఆలోచన వచ్చింది. ఈ రెండూళ్ళ పిల్లలకి ఇంకో ఆలోచన ఎట్లా వస్తుంది? వాళ్ళ పుంజు మామూలు నాటుపుంజు, నల్లగా, లావుగా, పెంటకుప్పల మీద పెట్టల్ని తరుముకునే రకం. దాని మెళ్ళో కూడా అట్ట ఉంది. 'మళ్ళీ పెట్టుకుందామా' అని రాసి ఉంది. గ్యాలరీ అంతా ఒక్కసారి గొల్లుమంది. మావాళ్ళు కూడా నవ్వారు. పీడీ సార్లిద్దరూ నవ్వారు. నేను తాడు దాటాను.

ఎండలోకి వచ్చిన నాటుపుంజు రెక్కలు విదిల్చి కూసింది.

మా డ్రమ్ములోంచి బదులు వచ్చింది. డొల్లలోంచి వచ్చిన కూత, మనిషి అరుపంత పెద్దది. పద్మజ రెండు చేతులతో డ్రమ్ముని వాటేసుకుంది. లోపల దడదడ. తెల్ల గుడ్డ ఉబ్బింది, ఒక పక్క చీలింది, చీలికలోంచి ముందు కాలు వచ్చింది, తర్వాత ఎర్ర డేగ మొత్తం వచ్చింది.

నవ్వులు ఆగిపోయాయి.

ఆగిన తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. గ్యాలరీలో పిల్లలు ఇంకా ఫోన్లు ఎత్తుకునే ఉన్నారు. పెద్దవాళ్ళు మాత్రం లేచి నిలబడ్డారు. మాచర్ల గడ్డ మీద, మాచర్ల పుంజూ గురజాల పుంజూ, మధ్యలో సున్నం గీత. ఒక ముసలాయన భుజం మీది తుండు తీసి చేతికి చుట్టుకున్నాడు. వెనక ఎవడో "గురజాల మీద" అన్నాడు. ఇంకొకడు "ఎంత" అన్నాడు. గేటు దగ్గరి కానిస్టేబుల్ ఈల నోట్లో పెట్టుకుని ఊదటం మర్చిపోయి చూస్తున్నాడు.

డేగ తల కిందికి దించింది. మెడ ఈకలు గొడుగులాగా లేచాయి. ఆ వాటం నాకు తెలుసు. దానికి కత్తి కట్టక్కర్లేదు. వాళ్ళ పుంజుకి ఏమీ తెలియదు, పెట్ట మీదికి పోయినట్టు పక్కగా రెక్క దించుకుంటూ వచ్చింది. డేగ ఎగిరింది. ఒక్క దెబ్బ. నల్లపుంజు జుట్టు మీద ఎర్రగా చీలింది, నెత్తురు కంట్లోకి దిగింది.

మా పిల్లలు కొందరు కేరింత కొట్టారు. మాచర్ల గ్యాలరీలోంచి ఒక్క చప్పుడు లేదు. కుర్రాళ్ళు మెట్లు దిగుతున్నారు. పరుగు లేదు, మామూలుగా దిగుతున్నారు. ఒకడు గోడ పక్కకి పోయి నాపరాయి ముక్క తీసి, చేతిలో బరువు చూసి, ఇంకోటి తీశాడు.

నాకు రెండు భయాలు ఒకేసారి వచ్చాయి. డేగ గెలిస్తే ఆ నల్లపుంజు ఇక్కడే చస్తుంది, ఈ ఊళ్ళో, వీళ్ళ కళ్ళ ముందు. అప్పుడు ఈ ఎర్ర కోట్ల పిల్లలు బస్సు దాకా చేరరు. డేగకి ఏమన్నా అయినా, పోలీసులు పట్టుకుపోయినా, మా ఊళ్ళో ఇల్లు చేరేసరికి ఏముంటుందో తెలియదు. పట్టుకుందామని ముందుకి పోయాను. డేగ నా చేతికి కూడా ముక్కు విసిరింది. పందెం పుంజు ఎగిరేటప్పుడు దానికి పెంచినవాడు కూడా కనపడడు. అది రెండోసారి ఎగరటానికి కాళ్ళు ముడిచింది.

అప్పుడు పెద్ద డ్రమ్ము మోగింది.

ధబ్. ధబ్‌ధబ్. ధబ్. ధబ్‌ధబ్.

పద్మజ మోకాళ్ళ మీద కూర్చుని, చిరిగిన గుడ్డ వైపు కిందికి పెట్టి, తోలు మీద కొడుతోంది. అది బ్యాండు పాట కాదు. మా ఇంటి ముందు సాయంత్రం దరువు. కొడుతూ పుంజు వైపు చూడటం లేదు, తల దించుకుని కొడుతోంది.

డేగ ముడిచిన కాళ్ళు సాచింది. మెడ ఈకలు పడిపోయాయి. నల్లపుంజుకి వీపు తిప్పి, 'మా కోడి వచ్చింది' అట్ట మెళ్ళో ఊగుతుండగా, పరుగెత్తుకుంటూ పోయి పద్మజ కాళ్ళ దగ్గర నిలబడి మేత కోసం నేల పొడిచింది.

వెన్ను చూపిన పుంజు ఓడినట్టే. అది గురజాలకీ తెలుసు, మాచర్లకీ తెలుసు.

ముందు తుండు చుట్టుకున్న ముసలాయనే నవ్వాడు. తర్వాత గ్యాలరీ అంతా విరగబడింది. "గురజాల పారిపోయిందిరోయ్" అని ఒకడు. "ఏడేళ్ళు అడవికి పోండి, బస్సు ఖర్చు మేమే పెట్టుకుంటాం" అని ఇంకొకడు. నల్లపుంజుకి తను గెలిచిందని తెలియదు. ఒక కన్ను మూసుకుని అక్కడే నిలబడితే ఇమ్మానుయేల్ దాన్ని ఎత్తుకుని భుజం మీద పెట్టుకున్నాడు. నీలం కోట్లవాళ్ళు ఊరేగింపు పాట అందుకున్నారు. నాపరాయి పట్టుకున్న కుర్రాడు దాన్ని కింద పడేసి ఈలలు వేస్తున్నాడు.

పద్మజ పుంజుని చంకన పెట్టుకుని లేచింది.  యాస్మిన్ ఏడుస్తోంది. "గెలిచేవాళ్ళమే" అంటోంది. "ఇంకొక్క దెబ్బకి గెలిచేవాళ్ళం. ఎందుకు కొట్టావే?"



ఆ తర్వాత ఫుట్‌బాల్ మేమే గెలిచాం. ఎవరూ పట్టించుకోలేదు. కప్పు కూడా మర్చిపోయి బస్సెక్కుతుంటే మాచర్ల పీడీ సారు తెచ్చిచ్చాడు.

*

 తిరుగుదారిలో బస్సంతా ఫోన్లలోంచి అదే వీడియో, అదే దరువు, అదే గొల్లుమనటం, ఒక సీటు తర్వాత ఇంకో సీటులో మోగుతోంది. పద్మజ చివరి సీట్లో పుంజుని చున్నీలో చుట్టుకుని కూర్చుంది. నేను రెంటచింతలలో బస్సు పక్కకి ఆపి గురవమ్మకి మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తారు.

"అలో, ఉంది, మన దగ్గరే ఉంది" అన్నాను.

"ఏడున్నావురా కొండలూ?"

వెంకట్రామయ్య గొంతు. మా ఇంట్లో, మా ఆవిడ ఫోన్ పట్టుకుని.

"రెంటచింతలలో ఉన్నానయ్యా."

"రా" అని పెట్టేశాడు.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు.  పిల్లల్ని కాలేజీ దగ్గర దింపి, పద్మజని బండి మీద ఎక్కించుకుని మా ఊరి దారి పట్టాను. పొద్దు గుంకుతోంది. పుంజు మా ఇద్దరి మధ్యా వెచ్చగా కూర్చుంది. దారిలో పద్మజ ఒక్క మాటే అడిగింది.

"అమ్మని ఏమన్నా చేస్తారా నాన్నా?"

"లేదులే" అన్నాను. నాకు తెలియదు.

మా సందు మొదట్లో మగవాళ్ళు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. వెంకట్రామయ్య మనుషులు. అందరూ నాకు వరసైనవాళ్ళే, రోజూ పలకరించేవాళ్ళే. ఒక్కొక్కడి పక్కన ఒక్కో కర్ర. మా బండి చూసి ఒకడు లేచాడు. చున్నీలోంచి బయటికి వచ్చిన పుంజు తల చూసి మళ్ళీ కూర్చున్నాడు. సందు అవతలి కొసన కూడా తలుపుల వెనక మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతులు కనపడలేదు.

వెంకట్రామయ్య మా వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. పక్కన బోర్లించిన ఖాళీ గంప. గురవమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. దెబ్బలేమీ లేవు. ముందు అది చూశాను.

"దించమ్మాయ్" అన్నాడు ఆయన.

పద్మజ పుంజుని తెచ్చి మంచం మీద పెట్టింది. వెంకట్రామయ్య దాని తొడలు నొక్కి చూశాడు. జుట్టు చూశాడు, కళ్ళ రెప్పలు ఎత్తి చూశాడు. చిన్న గీత కూడా లేదు.

"పాలేరు కాలవకి పోయాడు. అక్కడ ఎవరూ లేరు" అన్నాడు నెమ్మదిగా. "నేనొచ్చి గంప ఎత్తి చూశా. లేదు. మీ ఆవిడ కూడా లేదు. ఎదటోళ్ళకి అమ్ముకుని కాలవకి పోయిందని అబద్ధమాడారని అనుకున్నాం. మావాళ్ళు లేచారు. నేనూ లేచా."

ఆగి, జేబులోంచి ఫోన్ తీసి నా వైపు తిప్పాడు. డ్రమ్ము, నల్లపుంజు, నవ్వులు.

"సందు దాటబోతుంటే ఇది వచ్చింది. మా బావ పంపాడు మాచర్లనుంచి. నా పుంజు పారిపోయిందని ఎగతాళి చెయ్యటానికి పంపాడు. ఇంకాసేపు ఆగి పంపితే, ఈపాటికి ఎవరుండేవాళ్ళో ఎవరు పోయేవాళ్ళో."

నేను ఆయన కాళ్ళ వైపు వంగాను. "లే" అన్నాడు. పద్మజ వైపు చూశాడు.

"మన పుంజు గెలిచేదేగా?"

"గెలిచేది తాతయ్యా."

"మరి?"

"వాళ్ళు మెట్లు దిగుతున్నారు."

 వెంకట్రామయ్య నీళ్ళ డ్రమ్ము వైపు గడ్డం చూపించి, "కొట్టు" అన్నాడు.

పద్మజ డ్రమ్ము బోర్లించి రెండు కర్రలు తీసుకుంది. ధబ్. ధబ్‌ధబ్. పుంజు ఆయన చేతుల్లోంచి దూకి పరుగెత్తి తన కాళ్ళ దగ్గర నిలబడింది. ఆయన ఖాళీ చేతులు కాసేపు అట్లాగే పట్టుకుని, పంచె దులుపుకుని లేచాడు.

"పుంజుని చూడ్డానికి వస్తున్నాయన వీడియో చూసి దారిలోంచే తిరిగిపోయాడు. ఇది ఇంక నా పుంజు కాదు. కోసుకుంటారో, పెంచుకుంటారో మీ ఇష్టం."

ఆయన సందులోకి వెళ్ళి ఏదో అన్నాడు. మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆయన వెనక పోయారు. అవతలి కొసన తలుపులు మూసుకున్న చప్పుడు వినపడింది. గురవమ్మ కొంగు నోట్లోంచి తీసి మొహం తుడుచుకుంది. పద్మజ గుప్పెడు జొన్నలు తెచ్చి పుంజు ముందు పోసింది.

తెల్లారి సందులోకి ఒకడు వచ్చాడు, నాకు మేనల్లుడి వరస. మా గోడకి ఆనించి ఉన్న కర్ర చూపించి, "నిన్న మర్చిపోయా మామా" అన్నాడు. కర్ర తీసుకుంటూ గంప కింద ఉన్న పుంజుని చూసి నవ్వాడు. "ఏం మామా, అడవికి పోలేదా ఇది?"

నేనూ నవ్వాను. వాడు కర్ర భుజాన వేసుకుని సందు మలుపు తిరిగేదాకా తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.